ఆ మూడో పేజీ చించేయ్, పాపా

కడప
2026 ఫిబ్రవరి

పాపా,

మొన్న మీ నాయన ఫోన్ చేసి, "నీ పిచ్చి దానికీ అంటించినావు గదరా" అన్నాడు. తిడుతున్నాడో మురిసిపోతున్నాడో కాసేపు తెలియలేదు. మన ఊరి గ్రంథాలయం వెనక గదిలో పడున్న పదకొండు పాత కంప్యూటర్లు దులిపి, వాటిలో విండోస్ బదులు తేలికపాటి లినక్స్ ఎక్కించి, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకూ పెద్దలకూ నేర్పిస్తానన్నావంట. చేతికివ్వడానికి తెలుగులో చిన్న గైడు కూడా రాస్తున్నావంట. జమ్మలమడుగులో బస్సు దిగి ఇంకో ఆటో ఎక్కితే గానీ చేరలేని ఊరు మనది. మీ చిన్నమ్మకు ఈ సంగతి మూడుసార్లు చెప్పాను. మూడోసారి "విన్నాను లే" అని కసురుకుంది.

ఆ సాయంత్రమే నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీలు చదివాను. భాష బాగుంది. ఫోల్డర్‌ను ఫోల్డర్ అనే రాశావు, నిఘంటువులో వెతికి ఎవరికీ తెలియని మాట పెట్టలేదు. కానీ మూడో పేజీలో "పెన్ డ్రైవ్ పేరు ఎస్‌డీఏ" అని రాసి, దాని కింద ఆ పేరున్న డిస్కును అడక్కుండా తుడిచేయగల డీడీ కమాండు ఇచ్చావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే చిన్నాయనా" అని ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ముందు చిల్లర సంగతులు. ఆ గదిలో ఎర్తింగ్ ఉందో లేదో కరెంటు మేస్త్రీతో చూపించు. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటే ఆ రోజు క్లాసు లేదనుకో. ప్రాసెసర్ 64 బిట్‌దా 32 బిట్‌దా అని ఒక్కో మిషన్‌కు రాసిపెట్టుకో. 64 అయితే తేలికపాటి లినక్స్ రకాలైన లుబుంటు గానీ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ చాలు. 32 అయితే వాటి జోలికి పోవద్దు. లుబుంటులో 32 బిట్‌కు చివరిగా వచ్చిన ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండే వెర్షన్) 2018 నాటిది, ఇంకో లినక్స్ డెబియన్ కూడా 2025లో వచ్చిన 13తో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది. డెబియన్ 12 మీద కట్టిన ఆంటీఎక్స్ 23 ఉంది, అది చూడు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఉంటుంది, సీఆర్ 2032. పదకొండూ మార్చెయ్. అది చచ్చిపోతే మిషన్‌లో తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది, బ్రౌజర్ ఏ సైట్‌నూ నమ్మదు, అప్‌డేట్లు రావు. కూర్చున్నవాళ్ళు ఇంటర్నెట్ పోయిందనుకుంటారు. చిల్లర ఖర్చుకు పోయి వారం రోజులు కొట్టుకుంటావు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పడానికి నాకు సిగ్గు.

2006లో ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల, మేడ మీద గదిలో నా డీటీపీ షాపు ఉండేది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఆ రోజుల్లో కస్టమర్ తెచ్చే ప్రతి పెన్ డ్రైవూ ఒక వైరస్ పుట్ట. విండోస్‌లో గుచ్చితే చాలు, దానంతట అదే ఎక్కేది. అప్పట్లో ఉబుంటు అనే లినక్స్ వాళ్ళు అడిగినవాళ్ళకు సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు. నాకు 6.06 సీడీ వచ్చింది. హార్డ్ డిస్క్‌లో ఏమీ ఎక్కించకుండా సీడీ నుంచే లినక్స్ నడిపి, వైరస్ పట్టిన పెన్ డ్రైవ్‌ను డీడీతో సున్నాలు నింపి తుడిచి, మళ్ళీ ఫార్మాట్ చేసి ఇచ్చేవాణ్ణి. పది రూపాయలు తీసుకునేవాణ్ణి. ఎట్లా చేయాలో ఎవరో రాసింది ప్రింటు తీసి మానిటర్ పక్కన గోడకు అంటించుకున్నాను. అందులో ఉన్నదేమిటంటే, లినక్స్ పిలిచే తీరులో హార్డ్ డిస్క్ పేరు హెచ్‌డీఏ, పెన్ డ్రైవ్ పేరు ఎస్‌డీఏ. రెండేళ్ళు అదే చేశాను. చివరికి కాగితం వైపు చూడకుండానే వేళ్ళు టైప్ చేసేవి.

2008 ఎండాకాలానికి ఆ సీడీ గీతలు పడి చదవడం మానేసింది. కొత్తది తెప్పించాను, 8.04. తెర అందంగా ఉంది, పని త్వరగా అవుతోంది, మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే రిటైరైన తెలుగు అయివారు ఒకాయన, ఊరూరా తిరిగి రాసుకున్న, మోట తోలుతూ పాడే కపిల పాటలూ పొడుపు కథలూ పుస్తకం వేయించుకోవాలని నా దగ్గరికి వచ్చాడు. నాలుగు నోటు పుస్తకాలు. మీ చిన్నమ్మే టైప్ చేసింది. మీ తమ్ముడు అప్పుడు ఉయ్యాలలో ఉన్నాడు. రాత్రి షాపు మూసినాక, కాలితో ఉయ్యాల ఊపుతూ నూట నలభై పేజీలు కొట్టింది. అయివారు ప్రతి ఆదివారం వచ్చి ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. "ఆ మాట అట్ల కాదమ్మా, మీ జేజి ఎట్ల అనేదో అట్ల పలికి చూడు, అప్పుడు కొట్టు" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఎవరిదో 512 ఎంబీ పెన్ డ్రైవ్ తుడవాల్సి వచ్చింది. కొత్త సీడీ పెట్టాను, కమాండు కొట్టాను, ఎంటర్ నొక్కి కిందకు పోయాను. టీ తాగి, బాకీ ఉన్న మనిషి కనబడితే వాడితో వాదం పెట్టుకుని, నలభై నిమిషాలకు పైకొచ్చాను. ఇంకా నడుస్తూనే ఉంది. పెన్ డ్రైవ్ లైటు మినుకుమనడం లేదు. క్యాబినెట్ మీదున్న హార్డ్ డిస్క్ ఎర్ర లైటు మాత్రం రెప్ప వేయకుండా వెలుగుతోంది.

ప్లగ్గు పీకేశాను. నలభై జీబీ డిస్కు. ఎంత మిగిలిందో ఊహించుకో.

జరిగింది ఇది. ఆ రెండేళ్ళ మధ్య, లినక్స్ లోపలి గుండెకాయ లాంటి కర్నెల్‌లో పాత ఐడీఈ డిస్కులను చూసే పద్ధతి మారింది. అంతవరకు హెచ్‌డీఏ అయిన నా హార్డ్ డిస్కు ఎస్‌డీఏ అయింది, పెన్ డ్రైవ్ ఎస్‌డీబీకి జరిగింది. నేను మాత్రం పాత పేరుతోనే పిలిచాను. పిలిచింది ఎవరినో వాళ్ళే పలికారు. మన ఇంట్లో "చిన్నోడా" అంటే నేను పలుకుతాను, మా మామగారింట్లో అంటే మీ చిన్నమ్మ తమ్ముడు పలుకుతాడు. ఎస్‌డీఏ కూడా అట్లాంటి పేరే.

బ్యాకప్ లేదా అంటావు. ఉంది. అదే డిస్కులో, డీ డ్రైవ్‌లో.

మీ చిన్నమ్మ ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పళ్ళెం చప్పుడు చేసేది, అంతే. అయివారి ఇంటికి నేనొక్కణ్ణే పోయి చెప్పాను. ఆయన చాలాసేపు గమ్మునుండి, "అయితే నేను దిద్దాల్సిన తప్పులు కూడా పోయినట్టేగా నాయనా" అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. అరవై పేజీలకు ప్రూఫ్ ప్రింట్లు ఆయన దగ్గర ఉన్నాయి, మిగతా ఎనభై నోటు పుస్తకాల నుంచి మళ్ళీ కొట్టాం. కొట్టాం అంటున్నాను గానీ కొట్టింది ఆమే. ఈసారి ఉయ్యాల నేను ఊపాను.

ఇంకో ముక్క ఉంది. ఆ కాగితం రాసినవాణ్ణి ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను. షాపు ఖాళీ చేసిన రోజు గోడ మీద నుంచి పీకితే, పైన బ్రౌన్ టేపు కింద ఒక లైను కనబడింది. "ఇది ఉబుంటు 6.06 కోసం" అని. అంటించేటప్పుడు దాని మీద టేపు వేసింది నేనే.

ఇక నీ మూడో పేజీకి వస్తాను. నువ్వు రాసింది అబద్ధం కాదు, నీ ల్యాప్‌టాప్‌లో అదే నిజం. దాంట్లో ఉన్నది ఎన్‌వీఎంఈ డిస్కు, దాని పేరే వేరు, కాబట్టి గుచ్చిన పెన్ డ్రైవ్ ఎస్‌డీఏ అవుతుంది. గ్రంథాలయం మిషన్లలో ఉన్నవి సాటా డిస్కులు. వాటిలో ఎస్‌డీఏ అంటే చాలామటుకు హార్డ్ డిస్కే పలుకుతుంది. పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ఆ వరస కూడా మారొచ్చు. నాకు ఒక్కసారి జరిగింది నీకు పదకొండుసార్లు జరుగుతుంది. అది కూడా నువ్వు పక్కన లేనప్పుడు, నీ కాగితం చూసుకుంటూ ఒక పిల్లాడి చేతుల మీదుగా.

అసలు మొదటిసారి మౌస్ పట్టుకున్నవాడికి డీడీ ఎందుకే? నీకు వచ్చని చూపించుకోవడానికా? కోప్పడకు, నేనూ అందుకే వాడాను. పెన్ డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించడానికి మింట్‌లో యూఎస్‌బీ ఇమేజ్ రైటర్ ఉంది, ఎచర్ ఉంది, అవి డ్రైవ్ పేరూ సైజూ చూపించి అడుగుతాయి. కమాండే చెప్పాలనుకుంటే ముందు డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టించి సైజు చదివించు. 465 జీ అని ఉంటే అది 500 జీబీ హార్డ్ డిస్కు, 7 జీ చిల్లర ఉంటే 8 జీబీ పెన్ డ్రైవ్. పెన్ డ్రైవ్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొట్టమను. కొత్తగా వచ్చిన పేరు దానిదే. ఆ చోట నీ గైడులో పేరు రాయకు, ఖాళీ గీత వదిలెయ్. వాళ్ళ మిషన్‌లో చూసి వాళ్ళే పెన్సిల్‌తో నింపాలి.

ప్రతి పేజీ పైన తేదీ, ఏ వెర్షన్‌కు రాశావో, ఏ మిషన్ మీద చేసి చూశావో పెద్దక్షరాల్లో వెయ్. మాత్రల స్ట్రిప్ మీద ఉన్నట్టు గడువు కూడా వెయ్. లుబుంటు 24.04కు సపోర్టు 2027 ఏప్రిల్ వరకే, కాబట్టి ఆ పేజీ కూడా అంతవరకే. కుట్టించి పుస్తకం చేయించకు, విడి కాగితాలే ఫైలులో పెట్టు. పాతదయిన పేజీ తీసి పారేసి కొత్తది పెట్టొచ్చు. మీ నాయన బైండింగ్ చేయిస్తానంటాడు, వద్దను.

వాళ్ళంతట వాళ్ళు వెతుక్కోవడం నేర్పాలన్నావు, అది నాకు అన్నిటికంటే నచ్చింది. అయితే మొదట వెతకాల్సింది తమ మిషన్‌లో ఏముందని. ఉబుంటు కుటుంబంలో వెర్షన్ నంబరే ఏడూ నెలా, 24.04 అంటే 2024 ఏప్రిల్. అది తెలిసినవాడికి యూట్యూబ్ వీడియో కింద తేదీ చూడటం ఎందుకో అర్థమవుతుంది. లుబుంటు తెరనూ మెనూలనూ చూపించే పద్ధతిలో 2018 అక్టోబరులో ఎల్‌ఎక్స్‌డీఈ వదిలి ఎల్‌ఎక్స్‌క్యూటీకి మారింది. అంతకు ముందు వీడియో చూసినవాడు లేని మెనూ కోసం గంటసేపు వెతికి, తనకు కంప్యూటర్ రాదని లేచిపోతాడు. అట్లా లేచిపోయినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, మళ్ళీ రారు. నా షాపులో చూశాను. లుబుంటు వాళ్ళ మాన్యువల్ వెర్షన్ల వారీగా ఉంటుంది, దాన్ని చూపించు. కమాండ్లకైతే మిషన్‌లోనే ఉండి ఒక్కో కమాండు వాడకం చెప్పే మ్యాన్ పేజీలు ఉన్నాయి. ఆ మిషన్‌లో ఉన్న ప్రోగ్రాముతోనే వచ్చినవి కాబట్టి అవి ఆ మిషన్‌కు పాతబడవు. ఇంగ్లీషు ముతకగా ఉంటుంది. నువ్వు పక్కన కూర్చుని రెండు లైన్లు తెలుగులో చెబితే చాలు.

తేలికపాటి లినక్స్ వేశాం కదా, అన్నీ పరిగెడతాయని మాత్రం మాటివ్వకు. 2 జీబీ ర్యామ్‌లో సిస్టం తేలికే, బరువంతా బ్రౌజర్‌దే. మూడు ట్యాబులకే ఆయాసపడుతుంది.

గైడు అయ్యాక మీ అమ్మ చేతికి ఇచ్చి, ఆమెతో ఒక మిషన్ మీద చేయించు. నువ్వు వెనక నిలబడి చేతులు కట్టుకో. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ తప్పు నీది. మౌస్ లాక్కున్నావో, ఆ గైడు పనికిరానట్టే.

చివరిది, కానీ నన్ను అన్నిటికంటే భయపెట్టేది. ఆ పదకొండు మిషన్లు ఇచ్చినవాళ్ళు "పాతవే గదమ్మా, ఏముంటుంది" అని ఉంటారు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సపోర్టు ఆగిపోయినప్పటి నుంచి ఇట్లా వదిలించుకుంటున్నవాళ్ళు చాలామంది. వాటిలో ఎవరి ఫొటోలో, ఎవరి ఆధార్ కాపీలో, ఎవరి కపిల పాటలో ఉండొచ్చు. ముందు హార్డ్ డిస్క్‌లో ఏమీ ఎక్కించకుండా పెన్ డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడు. ఉన్నది బయటి డిస్కుకు ఎక్కించి, ఇచ్చినవాళ్ళకు చూపించి, "తుడవచ్చు" అని కాగితం మీద సంతకం పెట్టించుకో. నవ్వుతారు. నవ్వనీ.

వచ్చే శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. సీఆర్ 2032 సెల్స్ ఇక్కడే తీసుకొస్తాను, నువ్వు కొనకు. రాత్రి పొద్దుపోయేదాకా ఆ గదిలో ఒక్కదానివే కూర్చోవద్దు, గ్రంథాలయం తాళం వేసేటప్పుడే ఇంటికొచ్చెయ్. మెషిన్ ఎక్కడికీ పోదు.

ఇట్లు,
మీ చిన్నాయన

పాపా, నేను చిన్నమ్మను. ఈ జాబు నాతోనే చదివించాడు. చెనక్కాయ ఉండలు పంపుతున్నాను, చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టుకో. ఆయన వస్తే కుర్చీ వేసి మంచినీళ్ళు ఇవ్వు. తుడిచే పని మాత్రం ఆయనకు చెప్పొద్దు. 140 కాదు, 146 పేజీలు.