కాలువ పూడిక తీస్తూ కారు లాక్కెళ్లారు: ముందు తేదీ చెప్పండి

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. తాతల నాటి నుంచి ఇక్కడి తెలుగు వీధిలోనే ఉంటున్నాం. మా ఇంటి ముందు మురుగు కాలువ పలక పక్కన మొదట నాన్నగారి స్కూటరు, తర్వాత ఆయన కొన్న కారు, ముప్పై ఏళ్లుగా పెట్టుకుంటున్నాం. పోయిన జూన్ మొదట్లో అమ్మాయి పురిటికి విశాఖ వెళ్లి, పన్నెండు రోజుల తర్వాత వచ్చేసరికి కారు లేదు. వానలకు ముందు కాలువ పూడిక తీయడానికి జేసీబీ తెచ్చి, అడ్డంగా ఉందని కారును లాగించేశారట. యార్డుకు వెళ్లి చూస్తే బంపర్ విరిగి, ఎడమ తలుపు సొట్టపడి ఉంది. క్రేన్ ఛార్జీ, యార్డు అద్దె కడితేనే ఇస్తామన్నారు. తప్పు వాళ్లది, నేనెందుకు కట్టాలని అక్కడే వదిలేశాను. కౌన్సిలర్ చుట్టూ తిరుగుతుంటే పది నెలలు గడిచాయి. షికాగోలో ఉన్న మా అబ్బాయి, అక్కడ మంచు తీయడానికి కూడా ముందే బోర్డులు పెడతారంటున్నాడు. ఇంటి పన్ను ఏనాడూ ఎగ్గొట్టలేదు. మానసిక క్షోభకు రెండు లక్షలు వినియోగదారుల కోర్టులో అడగవచ్చా? యార్డు వాచ్‌మన్ రెండు వేలిస్తే రాత్రి గేటు తీస్తానంటున్నాడు, రెండో తాళం నా దగ్గరే ఉంది. మేము ఊళ్లో లేమని చూపించడానికి రైలు టికెట్లు జతచేస్తున్నాను. మనవరాలిని ఆ కారులోనే ఇంటికి తీసుకురావాలనుకున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కౌన్సిలర్ ఏ రోజు ఏమన్నాడో ఉంది, నాన్నగారు ఆ కారును ఎంత అపురూపంగా చూసుకునేవారో ఉంది. కారును తీసుకెళ్లిన తేదీ మాత్రం లేదు. మీరు ఊళ్లో లేని ఆ పన్నెండు రోజుల్లో ఏ రోజది? ఎవరు తీయమన్నారు? ఈ రెండూ తేలకుండా మీరు అడిగిన మిగతా ప్రశ్నలకు జవాబు చెప్పడం దండగ.

ఎందుకో చెబుతాను. నష్టపరిహారం దావాకు మూడేళ్లు గడువుంటుందని అందరూ అనుకుంటారు. ఒకరి వస్తువును అన్యాయంగా తీసుకెళ్లినా పాడుచేసినా 1963 నాటి కాలపరిమితి చట్టం 91వ ఆర్టికల్ మూడేళ్లే ఇస్తుంది, నిజమే. కానీ అదే చట్టంలో 72వ ఆర్టికల్ అని ఒకటుంది. ఫలానా చట్టం ఇచ్చిన అధికారంతో చేశామని అవతలివాళ్లు చెప్పుకునే పని వల్ల నష్టం జరిగితే, ఆ పని జరిగిన రోజు నుంచి ఒక్క ఏడాదే గడువు. మున్సిపాలిటీ తరఫు లాయరు మొదట తీసే కాగితం ఇదే. కాలువలు బాగుచేయడం, దారిలో అడ్డు తొలగించడం చట్టం మాకు అప్పగించిన పనులు, ఆ పని చేస్తుండగా జరిగింది అంటాడు. కాదు, కాంట్రాక్టర్ మనిషి నిర్లక్ష్యంగా గుద్దాడు, కాబట్టి మూడేళ్లు అని మనం వాదించవచ్చు. వాదన ఓడితే దావా మొదట్లోనే పోతుంది. అందుకని ఏడాదే లెక్కవేసుకోండి. పది నెలలు కౌన్సిలర్ అరుగు మీద కరిగిపోయాయి. ఆయన వినతిపత్రం తీసుకున్నంత మాత్రాన చట్టం లెక్కపెట్టే గడువు ఆగదు.

ఇంకో గడువు ఇప్పటికే దాటింది. కారును కొట్టింది జేసీబీయే అయితే అదీ మోటారు వాహనమే. పబ్లిక్ రోడ్డు మీద అది మీ ఆస్తికి చేసిన నష్టానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లి, దాని బీమా కంపెనీ నుంచి అడిగే దారి ఉంది. 2019 సవరణతో దానికి ఆరు నెలల గడువు పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ గడువును సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టులో ఉన్నాయి కాబట్టి ఆశ పూర్తిగా పోయిందనను. మొదటి వారంలోనే ఎవరినైనా లాయరును అడిగి ఉంటే ఈ మాటే రాసే పని ఉండేది కాదు.

ఇక కారును తీయడం తప్పా ఒప్పా. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పబ్లిక్ స్థలంలో పది గంటలు లేదా అంతకు మించి ఎవరూ లేకుండా వదిలేసిన వాహనాన్ని లాగించడానికి యూనిఫాంలో ఉన్న, ఆ ప్రాంతంపై అధికారం ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చు. లాగించిన ఖర్చు యజమానిదే. మీరు సాక్ష్యంగా పంపిన రైలు టికెట్లు ఏం రుజువు చేస్తాయి? పది గంటలు కాదు, పన్నెండు రోజులు వదిలేశారని. అవి అవతలివాళ్లు వెతుక్కోవలసిన కాగితాలు, మీరే అందిస్తున్నారు. దాచమని అనడం లేదు. అడిగితే నిజమే చెప్పాలి. కాకపోతే ‘ముందు చెప్పకుండా తీశారు’ అన్న ఒక్కదాని మీదే కేసు కట్టుకోకండి. పోలీసు అనుమతి లేకుండా తీసి ఉంటే ఆ మాట పనికొస్తుంది, కానీ ముందు అది తెలియాలి.

మీ అబ్బాయి చెప్పింది సగమే. షికాగోలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా 107 మైళ్ల ప్రధాన వీధుల్లో తెల్లవారుజాము 3 నుంచి 7 గంటల వరకు కారు పెట్టకూడదు. చుక్క మంచు పడకపోయినా నిషేధం నిషేధమే. తప్పితే కారు లాగించినందుకు కనీసం 150 డాలర్లు, జరిమానా 60 డాలర్లు, యార్డు అద్దె వేరే. అక్కడ బోర్డు ఉంటుంది, అంతే. ఎవరూ ఇంటికొచ్చి తలుపు తట్టరు. మరో సరదా సంగతి: ఆ ఊళ్లో జనం పారతో మంచు ఎత్తి చోటు చేసుకుని, అందులో విరిగిన కుర్చీ పెట్టి ‘ఇది నాది’ అంటారు. చట్టం దృష్టిలో ఆ కుర్చీకి ఏ హక్కూ లేదు. మీ ముప్పై ఏళ్లు కూడా అలాంటి కుర్చీయే.

ఈ ముప్పై ఏళ్ల మాట మీ నోటీసులో ఎక్కడా రానివ్వకండి. పబ్లిక్ వీధిని ఎవరైనా ఆక్రమిస్తే తిరిగి స్వాధీనం చేసుకోవడానికి స్థానిక సంస్థకు 111వ ఆర్టికల్ ముప్పై ఏళ్లు ఇస్తుంది. ఆ అంకె ఎవరో మీ చెవిన వేసినట్టున్నారు. రోడ్డు మీద బండి పెట్టుకోవడం స్వాధీనం కాదు, పొద్దున తీసి సాయంత్రం పెట్టేదానికి అసలే కాదు. పైగా కాలువ మీద పలక వేసింది ఎవరన్న ప్రశ్న మీరే లేపినవారవుతారు. కారు కోసం వెళ్లి పలక తీయమన్న నోటీసుతో ఇంటికి వస్తారు.

మరి మీకు మిగిలిందేమిటి? నష్టం. తీసే అధికారం ఉన్నవాడు కూడా జాగ్రత్తగా తీయాలి. బంపర్ విరగడం, తలుపు సొట్టపడటం కాలువ బాగుచేయడంలో భాగం కాదు. ఇక్కడ మీకు బలం ఉంది, సాక్ష్యం ఉంటే. ఊరికి వెళ్లేముందు కారు బాగానే ఉందని చూపే ఫోటో ఏదైనా వెతకండి, పెళ్లి వీడియోలో వెనకాల కనిపించినా చాలు. లాగేటప్పుడు వీధిలో ఎవరో ఒకరు ఫోన్‌లో తీసే ఉంటారు. ఆ వీడియోను వాట్సాప్‌లో పంపించుకుని ఊరుకోవద్దు. తీసిన ఫోను భద్రంగా ఉండాలి, తీసిన మనిషి సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద, ఆ వీడియో గురించి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎదురింటి సీసీ కెమెరా రికార్డు పది నెలలు ఉండదు, దాని మీద ఆశ వద్దు.

ఆఫీసు కాగితాలు మాత్రం ఉంటాయి. పూడికతీతకు వర్క్ ఆర్డర్ ఉంటుంది, బిల్లు చేయడానికి మెజర్‌మెంట్ బుక్‌లో ఏ వీధిలో ఎంత పని అయిందో రాస్తారు. యార్డు రిజిస్టర్‌లో కారు ఏ రోజు, ఏ స్థితిలో వచ్చిందో ఉండాలి. మీ తేదీ అక్కడ దొరుకుతుంది. వీటి నకళ్లు, జేసీబీ నంబరు, కాంట్రాక్టర్ పేరు, ఎవరైనా పోలీసు అధికారి అనుమతి ఇచ్చి ఉంటే ఆ కాగితం, ఇవన్నీ సమాచార హక్కు కింద మున్సిపాలిటీని, పోలీసు స్టేషన్‌ను విడివిడిగా అడగండి. ఒడిశాలో ఫారం ‘ఎ’ మీద, పది రూపాయల ఫీజుతో ఇవ్వాలి. మీ వీధిలో అందరూ తెలుగే మాట్లాడుకున్నా దరఖాస్తు ఒడియాలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. జవాబుకు ముప్పై రోజుల గడువు. మీ చేతిలో ఉన్నది రెండు నెలలు, కాబట్టి ఈ వారమే వేయండి.

వాచ్‌మన్ సంగతి. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే చంపేయండి. నా కారు నేను తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుందని మీరనుకుంటున్నారు. చట్టంలో ఉన్న ఉదాహరణే చూడండి: ఒకడు తాకట్టు పెట్టిన తన గడియారాన్ని, అప్పు తీర్చకుండా తాకట్టు పట్టినవాడికి తెలియకుండా తెచ్చుకుంటే, వస్తువు తనదే అయినా దొంగతనమే. పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, ఇప్పటి న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ ఉంది. మూడేళ్ల దాకా జైలు. దానికి వాచ్‌మన్‌కు ఇచ్చిన లంచం తోడవుతుంది. ఆ రాత్రి తర్వాత కారు మీద ఉన్న ప్రతి సొట్టా మీరు బయటికి తీసేటప్పుడు పడిందే అంటారు, కాదని చెప్పే సాక్షి ఉండడు.

వినియోగదారుల కోర్టు మీకు పనికిరాదు. పన్ను కట్టడం సేవకు ధర చెల్లించడం కాదు. ఆ దారి మీ కారు బీమా కంపెనీ మీద ఉంటుంది, అదీ మీది కాంప్రహెన్సివ్ పాలసీ (సొంత కారు నష్టానికీ వర్తించేది) అయితే. పది నెలలు కంపెనీకి చెప్పకుండా ఊరుకున్నవారి క్లెయిమ్‌ను వాళ్లు ఎలా చూస్తారో ఊహించుకోవచ్చు, అయినా ఈరోజే రాతపూర్వకంగా తెలియజేయండి.

మీరు వెళ్లాల్సింది పర్మనెంట్ లోక్ అదాలత్‌కు. న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో దీని పరిధిలోకి వచ్చే ప్రజోపయోగ సేవల్లో పారిశుధ్యం పేరు రాసి ఉంది. మురుగు కాలువ పూడికతీత పారిశుధ్యం కాకపోతే మరేది? కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల దాకా పరిధి. మొదట రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు చెబుతారు. కోర్టుకు వెళ్లకముందే దరఖాస్తు ఇవ్వాలి, ఇచ్చాక అదే గొడవ మీద కోర్టుకు పోకూడదు. బరంపురంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్తే దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. దాంతోపాటే, అక్కడ మీ దరఖాస్తు తీసుకోకపోతే దావా వేసే దారి మూసుకుపోకుండా, మున్సిపాలిటీకి, పోలీసుల పాత్ర ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద కలెక్టరుకు, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించండి. చట్టం తప్పనిసరి చేసిన నోటీసు కాలం గడువులోంచి మినహాయిస్తారు, కానీ నోటీసు ఏడాది లోపల వెళ్లి ఉండాలి.

అడిగేది రెండు లక్షలు కాదు. వర్క్‌షాపు వాళ్లిచ్చే రిపేరు ఎస్టిమేట్; పోలీసు అనుమతి లేకుండా తీశారని తేలితే క్రేన్ ఛార్జీ, మీరు తిరిగొచ్చిన నాటి దాకా యార్డు అద్దె కూడా. ఆ తర్వాత పేరుకున్న అద్దె మీ పంతం ఖర్చు, దాన్ని ఏ కోర్టూ ఎదుటివాళ్ల నెత్తిన వేయదు. అందుకే ముందు డబ్బు కట్టి కారు తెచ్చుకోండి. ‘హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఒక కాగితం రాసి, దాని నకలు మీద స్టాంపు వేయించుకుని, రసీదు తీసుకోండి. గేటు దాటకముందే నాలుగు వైపులా ఫోటోలు, తేదీతో.

వెళ్లేటప్పుడు మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, పది నెలలకు బ్యాటరీ చచ్చి ఉంటుంది. బీమా గడువు ముగిసిందేమో పాలసీ చూసుకోండి. ముగిసి ఉంటే కారు నడిపి తేవద్దు, లారీ మీద ఎక్కించి తెచ్చుకోండి.