అయిదు ఊళ్ళు వద్దు, మూడు చాలు

చి॥ సౌ॥ అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణం ప్లాను చూశాను. ఎనిమిది రోజులు, ఏడు రాత్రులు. ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్, బ్రాటిస్లావా, బుడాపెస్ట్. ఊళ్ళ ఎంపికకు వంక పెట్టను. మొదటిసారి ఐరోపాలో రైలెక్కేవాళ్ళకి ఇంతకన్నా మంచి దారి నేను చెప్పలేను. కానీ ఏడు రాత్రుల్లో అయిదు చోట్ల పడుకోవాలన్న ఆలోచన మాత్రం మానుకో తల్లీ.

వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్‌కి రెండున్నర గంటలే అని రాసుకున్నావు. నిజమే, రైల్లో కూర్చునేది అంతే. ఊరు మారే రోజున మాత్రం పొద్దున్నే పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చెయ్యాలి, సామానుతో స్టేషన్‌కి చేరాలి, కాస్త ముందుగా వెళ్ళి ప్లాట్‌ఫారం చూసుకోవాలి. దిగాక మళ్ళీ హోటల్ వెతుక్కోవాలి. చాలా హోటళ్ళు మధ్యాహ్నం రెండు మూడు దాటేదాకా గది ఇవ్వవు. ఎటు చూసినా సగం రోజు పోతుంది. నాలుగుసార్లు ఊరు మారితే రెండు రోజులు పెట్టెలు ఈడ్చుకోవడానికే సరి. ఎనిమిది రోజుల సెలవులో రెండు రోజులంటే మాటలా? అందుకని ఊళ్ళు లెక్కపెట్టడం ఆపి రాత్రులు లెక్కపెట్టు.

నా మాట వింటే ప్రాగ్‌లో రెండు రాత్రులు, వియన్నాలో మూడు, బుడాపెస్ట్‌లో రెండు. సాల్జ్‌బర్గ్ ఈసారికి వదిలెయ్. వియన్నా నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రం రావచ్చని అల్లుడుగారు అన్నారట. రానూపోనూ అయిదు గంటలు రైల్లోనే గడుస్తాయి. ఆ రోజు వియన్నాలోనే ఉంటే షోన్‌బ్రున్ రాజభవనం, దాని వెనక తోటలూ తీరిగ్గా చూడొచ్చు. ఆ భవనం లోపలికి వెళ్ళడానికి టికెట్ మీద సమయం వేసి ఇస్తారు, ముందే కొనుక్కోండి.

బ్రాటిస్లావాని మాత్రం వదలక్కర్లేదు. అక్కడ రాత్రి ఉండొద్దు, దారిలో చూడండి. వియన్నా నుంచి అక్కడికి రైల్లో గంట. బుడాపెస్ట్‌కి మారే రోజు ఎలాగూ సగం పోయే రోజే కదా, దాన్నే వాడుకోండి. పొద్దున బ్రాటిస్లావాలో దిగి, సామాను స్టేషన్‌లో భద్రపరిచి, పాతబస్తీ చూసి, మధ్యాహ్నం బుడాపెస్ట్ రైలెక్కండి. సామాను గది ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో ముందుగా కనుక్కోవాలి. ఇంకో జాగ్రత్త: వియన్నా రైళ్ళు బ్రాటిస్లావాలో రెండు వేరు వేరు స్టేషన్లకి వెళ్తాయి. ఒకటి హ్లావ్నా స్టానిట్సా, అంటే ప్రధాన స్టేషన్. రెండోది పెట్రజల్కా, అది డాన్యూబ్ నదికి అవతలి ఒడ్డున ఉంది. మీకు కావలసింది మొదటిది.

ఈ దారిలో వెళ్తే ఇంకో లాభం. వియన్నా నుంచి నేరుగా బుడాపెస్ట్ వెళ్ళే రైలు రెండు గంటల నలభై నిమిషాల్లో చేరుస్తుంది కానీ, అది గ్యోర్ అనే ఊరి మీదుగా చదునైన పొలాల మధ్య పోతుంది. బ్రాటిస్లావా నుంచి వెళ్ళే రైలు ష్టూరోవో అనే ఊరు దాటాక డాన్యూబ్ ఒడ్డు పట్టుకుని, నది దక్షిణానికి మలుపు తిరిగే కొండల మధ్య నుంచి వెళ్తుంది. నది మీకు కుడివైపున ఉంటుంది, కిటికీ సీట్లు అటే తీసుకోండి. వెలుగుండగా చేరే రైలు ఎంచుకోండి. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

విమానం టికెట్ ప్రాగ్‌కి వెళ్ళేది, బుడాపెస్ట్ నుంచి తిరిగొచ్చేది తీసుకోండి. వెళ్ళిన ఊరి నుంచే తిరిగి రావాలనుకుంటే, ఆఖరున ప్రాగ్‌కి వెనక్కి రావడానికే ఒక పగలంతా పోతుంది. టికెట్ కాస్త ఎక్కువైనా ఇదే నయం. ఇంకో మాట, ఇది తప్పకుండా పాటించు: విమానం ఎక్కే ఊళ్ళోనే ఆఖరి రాత్రి పడుకోవాలి. విమానం ఉన్న రోజు పొద్దున రైలు పెట్టుకోవద్దు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం రైలు గంట ఆలస్యమైతే టికెట్ డబ్బులో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడగొచ్చు. విమానం తప్పిపోతే ఆ పరిహారం ఏ మూలకి?

రైలు పాసు కొందామా అని అడిగావు. వద్దు. యూరైల్ పాసు, అంటే చాలా దేశాల రైళ్ళకి చెల్లే ఒకే పాసు, రోజూ రైలెక్కే పెద్ద ప్రయాణాలకి పనికొస్తుంది. మీరెక్కేవి మూడు రైళ్ళు, వేటికవే టికెట్లు కొంటే చాలు. ఒకే రైలుకి చెక్ రైల్వే, ఆస్ట్రియా రైల్వే రెండూ టికెట్లు అమ్ముతాయి, ధరలు వేరుగా ఉంటాయి. కొనేముందు రెండు చోట్లా చూడు. ముందుగా కొనే చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. అది తప్పిపోతే తర్వాత రైల్లో ఎక్కనివ్వరు. అందుకే ఆరు గంటల రైలు జోలికి పోకుండా తొమ్మిదికో పదికో ఉన్నది చూసుకోండి. ప్రాగ్ నుంచి వియన్నాకి సుమారు నాలుగు గంటలు, పది గంటల రైలెక్కినా మధ్యాహ్నానికి దిగుతారు. ఈ దారిలో రెజియోజెట్ అనే ప్రైవేటు కంపెనీ రైళ్ళు కూడా తిరుగుతాయి. రెజియోజెట్ టికెట్‌తో రైల్వే వాళ్ళ రైలెక్కకూడదు, రైల్వే టికెట్‌తో రెజియోజెట్ రైలూ ఎక్కకూడదు.

టికెట్ ఉంటే సీటున్నట్టే అనుకోకు. ఆస్ట్రియా, చెక్ రైళ్ళలో చాలావాటికి సీటు రిజర్వేషన్ విడిగా చేయించుకోవాలి. తప్పనిసరి కాదు గానీ, శుక్ర ఆదివారాల్లో, వేసవిలో చేయించుకోకపోతే నిలబడే పరిస్థితి రావచ్చు. బోర్డు మీద ఊళ్ళ పేర్లు వాళ్ళ భాషలో ఉంటాయి: ప్రాగ్‌కి ప్రాహా, వియన్నాకి వీన్. స్టేషన్ పేరుతో సహా కాగితం మీద రాసుకోండి. కొన్ని రైళ్ళు దారిలో విడిపోయి చెరో దిక్కూ పోతాయి కాబట్టి, మీ బోగీ నంబరు చూసే ఎక్కండి.

వీసా సంగతి. చెక్, ఆస్ట్రియా, బ్రాటిస్లావా ఉన్న స్లొవేకియా, హంగరీ నాలుగూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే దేశాలు; ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. నే చెప్పినట్టు వియన్నాలో మూడు రాత్రులుంటే అది ఆస్ట్రియా. రోజులు సమానమైతే మొదట దిగే దేశం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందుతో గడువు అయిపోతుంది. అంతదాకా ఆగకండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. సరిహద్దుల్లో రైలు దిగక్కర్లేదు గానీ పోలీసులు రైల్లోకి వచ్చి అడగొచ్చు, పాస్‌పోర్టులు పెద్ద పెట్టెలో అడుగున పెట్టకండి.

డబ్బు మూడు రకాలు: చెక్‌లో కోరునా, ఆస్ట్రియా, స్లొవేకియాల్లో యూరో, హంగరీలో ఫోరింట్. ఏటీఎం మీ దేశం డబ్బులోకి మార్చి తీసుకోమంటావా అని అడుగుతుంది, వద్దనే నొక్కండి. ఆ మార్పు రేటులో నష్టపోయేది మీరే.

హోటళ్ళు బుక్ చేసేముందు వారాలు చూసుకో. శనివారం ప్రాగ్‌లో యూదుల మ్యూజియం మూసేస్తారు. సోమవారం బుడాపెస్ట్‌లో నేషనల్ గ్యాలరీ ఉండదు. ఆదివారం వియన్నాలో దుకాణాలు దాదాపు అన్నీ మూతే, ప్రధాన స్టేషన్‌లోవి మాత్రం తెరిచి ఉంటాయి. బుడాపెస్ట్ పార్లమెంటు లోపల వాళ్ళు నడిపే టూర్‌లోనే చూడాలి, ఆ టికెట్లు త్వరగా అయిపోతాయి.

పెట్టెలు మనిషికి ఒక్కటే. రైలు మెట్లెక్కించాల్సింది, పైన అరలో పెట్టాల్సింది మీరే. నువ్వొక్కదానివే పైకెత్తగలిగినంత బరువే సర్దుకో, అల్లుడుగారి మీద ఆధారపడొద్దు.

ప్లాను తిరగరాసి, ఏ రోజు ఏ రైలో టైములతో సహా నాకు పంపు. అది చూసేదాకా హోటళ్ళకి డబ్బు కట్టకండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ