ఓటీ చదివిన అమ్మాయి ఇక ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను పుత్తూరు దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి చెన్నైలో ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) డిగ్రీ, అంటే బీఓటీ చేసింది. ఏడాదిన్నరగా తిరుపతిలో ఒక పిల్లల థెరపీ సెంటర్‌లో పని చేస్తోంది. నెలకు 18 వేలు వస్తాయి. రోజంతా ఆటిజం పిల్లలతోనే పని. ఇప్పటికే ఏడు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు తీసుకుంది. ఇప్పుడు శని, ఆదివారాల్లో జరిగే ఒక సెన్సరీ కోర్సుకు 55 వేలు కట్టాలంటోంది. మా తమ్ముడేమో పీజీ చేయించమంటాడు. సీనియర్లు ఫారిన్ వెళ్ళమంటున్నారు. చుట్టాలు ‘ఇది ఫిజియోనే కదా’ అని తీసిపారేస్తారు. దేనికి డబ్బు పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు చుట్టాల మాటకు జవాబు చెప్పుకుందాం. మిగతా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మా నాన్నగారు చిత్తూరులో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపిస్ట్ మూడు నెలలు కష్టపడి ఆయన్ను నడిపించారు. ఆ మేలు మేం మరిచిపోలేదు. కానీ నడక వచ్చినా నాన్న గడప దాటేవారు కాదు. పంచె అమ్మే కట్టాలి, అది ఆయనకు చిన్నతనంగా ఉండేది. వేలూరులో చూపించినప్పుడు ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఆయన పక్కన కూర్చుని, ‘మీకు ఏ పని మళ్ళీ చేతనైతే బాగుంటుంది సార్?’ అని అడిగింది. నాన్న పంచె అన్నారు. గోడకు వీపు ఆనించి, పంచె అంచును నడుముకూ గోడకూ మధ్య ఇరికించి, ఎడమ చేత్తో చుట్టుకుని దోపుకోవడం నేర్పింది. రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆయన సాయంత్రాలు మళ్ళీ వీధి చివర టీ అంగడి దాకా వెళ్ళారు.

ఫిజియో కదలికను తెచ్చిపెడతారు, ఓటీ ఆ కదలికతో మనిషి తన పని తాను చేసుకునేలా చూస్తారు. రెండూ కావాలి. ఇకపై చుట్టాలకు ఈ పంచె సంగతి చెప్పండి.

మీ అమ్మాయి చదువుకు కూడా ఆ థెరపిస్ట్ అడిగిన ప్రశ్నే దారి చూపిస్తుంది. ఏ కోర్సు చేద్దామని మొదలుపెడితే వాట్సాప్‌లో వచ్చే ప్రకటనే దారి నిర్ణయిస్తుంది. ‘నా దగ్గరికి వచ్చిన ఏ మనిషికి నేను సాయం చేయలేకపోయాను, నాకు ఏం తెలియక చేయలేకపోయాను’ అని మొదలుపెడితే కావలసిన చదువు ఏదో తనకే తెలుస్తుంది.

కాబట్టి ఆ 55 వేలు ఇప్పుడే కట్టొద్దు. సెన్సరీ ఇంటిగ్రేషన్‌ను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. జీన్ ఏయర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ 1960, 70లలో రూపుదిద్దిన పద్ధతి అది. స్పర్శ, కదలిక, ఒంటి బ్యాలెన్స్, శబ్దం, వీటి నుంచి వచ్చేదాన్ని మెదడు ఎలా కూర్చుకుంటుందో ఆవిడ ఏళ్ళ తరబడి పరిశీలించారు. దాన్ని గట్టిగా నేర్పే కోర్సుల్లో ముందు సిద్ధాంతం, తర్వాత పిల్లవాణ్ణి పరీక్షించడం, ఆ తర్వాతే చికిత్స ఉంటాయి. ఊయల, బంతి, బ్రష్ చూపించి రెండు వారాంతాల్లో కాగితం చేతిలో పెడితే అది పరిచయం మాత్రమే. పరిచయానికి మూడు నెలల జీతం ఎక్కువ.

ఫోన్ చేసి వాళ్ళను మూడు విషయాలు అడగమనండి. చెప్పేవాళ్ళు స్వయంగా పేషెంట్లను చూస్తున్న ఓటీలేనా? క్లాసులో నిజమైన పిల్లవాణ్ణి పరీక్షించే అవకాశం ఉందా? కోర్సు అయ్యాక మా అమ్మాయి చేసిన కేసు వీడియో చూసి తప్పొప్పులు చెప్పేవాళ్ళు ఉంటారా? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి. మన తప్పు చూసి దిద్దేవాళ్ళు లేకుండా చేతిపని ఎవరికీ రాదు. ఆ ఏడు ఆన్‌లైన్ సర్టిఫికెట్లలో లోటు కూడా ఇదేనని నా అనుమానం.

పేరున్న కోర్సల్లా గొప్పదని కూడా అనుకోకూడదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమైన పిల్లల చికిత్సల మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ బృందం వడపోసి 2013లో ఒక వ్యాసం రాసింది. థెరపిస్ట్ తన చేతులతో పిల్లవాడి కదలికలను దిద్దే, దశాబ్దాలుగా పేరు మోసిన ఎన్‌డీటీ పద్ధతికి అందులో మంచి మార్కులు పడలేదు. రెండు చేతుల్నీ కలిపి వాడించే సాధన, బాగున్న చేతిని కొంతసేపు కట్టి ఉంచి బలం లేని చేతితో పని చేయించడం, పిల్లవాడికి కావలసిన పనినే గురిగా పెట్టుకుని సాధన చేయించడం, ఇంట్లో అమ్మానాన్నల చేత చేయించే హోమ్ ప్రోగ్రామ్, వీటికి గట్టి ఆధారం ఉందని తేలింది. ఇలాంటి ఒక్క వ్యాసాన్ని శ్రద్ధగా చదివి అర్థం చేసుకోవడం నా దృష్టిలో రెండు సర్టిఫికెట్ల పెట్టు.

హోమ్ ప్రోగ్రామ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇందులో మీ అమ్మాయికి మొదటి గురువు మీరే కావచ్చు. సెంటర్‌లో ముప్పావు గంట థెరపీ అయ్యాక పిల్లవాడు మిగతా రోజంతా ఇంట్లోనే ఉంటాడు. చదువు రాని అమ్మకు, పాలు పిండి, గడ్డి కోసి అలిసిపోయి వచ్చే అమ్మకు, ‘అన్నం తినిపించేటప్పుడే ఇలా చేయి తల్లీ’ అని ఎలా చెప్పాలో మీకు తెలిసినంతగా ఏ కోర్సూ చెప్పదు. నెలకు ఒక రోజు మీ కేంద్రానికి తీసుకెళ్ళండి. ఏ వయసుకు ఏం రావాలో మామూలు పిల్లల్లో చూడనివ్వండి. రోజూ ఆటిజం పిల్లల్నే చూసేవాళ్ళకు ఆ కొలత చెదిరిపోతుంది. ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు మీకు తెలిసినవాళ్ళే కదా, వాళ్ళతో మాట్లాడించండి. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల్ని వాళ్ళు పంపించే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, సమగ్ర శిక్ష కింద నడిచే ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రాలు కూడా చూసి రమ్మనండి. పిల్లల ఓటీ సెంటర్ నాలుగు గోడల్లోనే ఉండదని అప్పుడు అర్థమవుతుంది.

ఇక నాకు ఎక్కువ దిగులు కలిగించిన విషయం. ఏడాదిన్నరలో ఆమె ఒక్క రకం పేషెంట్లనే చూసింది. ఇరవై నాలుగేళ్ళకే ఒకే గదిలో ఉండిపోతే, ఆ గది తనకు ఇష్టమో అలవాటో తనకే తెలియదు.

మీది పుత్తూరు. కట్టు కోసం మీ ఊరికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పుత్తూరు కట్టయినా, ఆసుపత్రిలో వేసే పిండికట్టయినా, వారాల పాటు కదలకుండా ఉన్న కీలు బిగుసుకుంటుంది. ఎముక అతుక్కున్నా పిడికిలి మూయలేనివాళ్ళను మీరు చూసే ఉంటారు. ఆ చేతిని మళ్ళీ పనిలోకి తేవడం హ్యాండ్ థెరపీ. వేళ్ళ నరాలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటివి) తెగి కుట్లు వేయించుకున్నవాళ్ళకు ఏ రోజు నుంచి ఎంత కదిలించాలో తెలియాలి. తొందరపడితే కుట్టు తెగుతుంది, ఆలస్యం చేస్తే అతుక్కుపోతుంది. ప్లాస్టిక్ షీటును వేడినీళ్ళలో మెత్తబరిచి ఆ చేతికి సరిపోయే స్ప్లింట్, అంటే చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే ఆధారం చేయాలి. ఈ విద్యకు మన పక్కనే పెద్ద చరిత్ర ఉంది. కుష్టుతో వంకర తిరిగిన వేళ్ళను టెండన్లు మార్చి నిటారు చేసే ఆపరేషన్లు డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో మొదలుపెట్టింది వేలూరు సీఎంసీలోనే. అక్కడే డాక్టర్ మేరీ వర్గీస్ 1966లో రిహాబిలిటేషన్ సంస్థను నెలకొల్పారు. ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి, వీల్‌చైర్‌లో కూర్చునే పనిచేసిన డాక్టర్ ఆవిడ. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. తిరుపతిలోనే టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ళు, వైకల్యాల చికిత్సకే పెట్టింది. ఇలాంటి చోట కొన్ని వారాలు పక్కన ఉండి చూడడానికి అనుమతి దొరుకుతుందేమో రాతపూర్వకంగా అడగమనండి. అడిగితే పోయేదేమీ లేదు.

పక్షవాతం వచ్చినవాళ్ళ దగ్గర కూడా ఆమె కనీసం ఆరు నెలలు గడపాలి. బాగున్న చేతికి రోజులో ఎక్కువ సేపు తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పని చేయించే పద్ధతిని 222 మంది మీద పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలు చికిత్స పొందినవాళ్ళకంటే వీళ్ళ చెయ్యి బాగా మెరుగైంది. పద్ధతి వేరే దేశానిది, అయినా చేయించే పనులు మన ఊరివి కావాలి. విదేశీ ఫారాల్లో ఫోర్కు పట్టుకోగలరా, బాత్‌టబ్‌లోకి దిగగలరా అని ఉంటుంది. మన పెద్దాయనకు కావలసింది వేడి సంగటి ముద్దను చేత్తో తుంచి, గుంట చేసి, పులుసులో ముంచుకోవడం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడికైతే గుడ్డ చుట్టిన వెదురు కలాన్ని పట్టుకుని, రంగు జారకుండా మెల్లగా నొక్కుతూ గీత గీయడం. ఆ పట్టుకు ఏ వేళ్ళు, ఎంత బలం, మణికట్టు ఏ కోణంలో కావాలో విడదీసి చూడగలిగితే అదే నిజమైన ఓటీ. మన ప్రాంతపు పనులకు ఇలాంటి విశ్లేషణ రాసిపెట్టే థెరపిస్టులు కావాలి. మీ అమ్మాయి ఆ పని మొదలుపెడితే నాకు చాలా సంతోషం.

మానసిక ఆరోగ్యం ఈ వృత్తికి పుట్టిల్లు లాంటిది. స్కిజోఫ్రీనియా తగ్గుముఖం పట్టిన మనిషి మళ్ళీ పొద్దున లేచి, వండుకుని, పనికి వెళ్ళేలా చేయడం ఓటీ పనే. మందులు ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, ఈ పని చేసేవాళ్ళు దొరకడం కష్టం. మనసు అటు లాగితే బెంగళూరు నిమ్‌హాన్స్‌ వైపు చూడమనండి. వృద్ధుల ఇళ్ళలో బాత్రూమ్, మెట్లు, మంచం ఎత్తు సరిచేయడం ఇంకో దారి. శ్రీసిటీ లాంటి చోట్ల కార్మికుల మెడ, నడుము, మణికట్టు నొప్పులు రాకుండా చూసే ఎర్గోనమిక్స్ ఉంది కానీ, అక్కడ ఓటీ పేరుతో ఉద్యోగం వెతికితే దొరక్కపోవచ్చు. పని చూపించి చోటు సంపాదించుకోవాలి. మొదటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు నేను అది చెప్పను.

పీజీ చేయించాలి, మీ తమ్ముడు చెప్పింది సరైనదే. కాకపోతే ఇప్పుడే వద్దు, ఇంకో ఏడాది, ఏడాదిన్నర తర్వాత. ఎంఓటీ రెండేళ్ళ చదువు. న్యూరో, పిల్లలు, చెయ్యి, మానసిక ఆరోగ్యం, ఇలా ఏదో ఒక శాఖ ఎంచుకోవాలి. మూడు రకాల పేషెంట్లను చూసి ఎంచుకోవడం వేరు, ఖాళీగా ఉన్న సీటును బట్టి చేరడం వేరు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఫీజు భారం తక్కువ కాబట్టి ముందు దానికి ప్రయత్నించాలి. చెన్నై పక్కన ఎస్ఆర్‌ఎం, కర్ణాటకలో మణిపాల్, ముంబైలో కేఈఎం ఉన్నాయి. కేఈఎంలోనే 1950లో కమలా నింబ్కర్ గారు మన దేశంలో మొదటి ఓటీ స్కూలు పెట్టారు. ఆ 55 వేలను పీజీ కోసం వేరే ఖాతాలో వేసి ఉంచండి.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా మరవొద్దు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో ఓటీలు ఉన్నారు. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవడంలో అశ్రద్ధ చేయకూడదు. కొన్ని వర్క్‌షాపులు ‘ఆర్‌సీఐ పాయింట్లు ఇస్తాం’ అని ప్రచారం చేస్తాయి. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. స్పెషల్ టీచర్లకు, స్పీచ్ థెరపిస్టులకు ఆ పాయింట్లు అవసరం. ఓటీలు ఆర్‌సీఐ కిందికి రారు. విషయం బాగుంటే వెళ్ళొచ్చు, పాయింట్ల కోసమైతే అనవసరం. 1952 నుంచి ఉన్న అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘంలో సభ్యత్వం తీసుకుని, ఏటా జరిగే మహాసభకు ఒక్కసారైనా వెళ్ళమనండి. తనలాంటివాళ్ళు ఎక్కడెక్కడ ఏ పని చేస్తున్నారో కళ్ళారా చూస్తే చాలా ధైర్యం వస్తుంది.

ఫారిన్ విషయంలో తొందర వద్దు. అమెరికాలో ఈ వృత్తిలోకి రావడానికే మాస్టర్స్ స్థాయి చదువు కావాలి, పైగా ఒక జాతీయ పరీక్ష రాయాలి. వెళ్ళాలనుకుంటే తన కాలేజీ కోర్సుకు ప్రపంచ ఓటీ సమాఖ్య గుర్తింపు ఉందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోమనండి. బ్రిటన్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ రెండేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఇన్ని గంటలు, ఇన్ని పాయింట్లు అనే లెక్క ఉండదు. ఏం నేర్చుకున్నావు, దానివల్ల పేషెంటుకు ఏం మేలు జరిగిందో రాసి ఉంచుకోవాలి. కొందరిని ఎంపిక చేసి ఆ రికార్డు చూపించమంటారు.

ఆ రికార్డు మీ అమ్మాయి ఇక్కడే మొదలుపెట్టొచ్చు. ఒక నోటుపుస్తకం కొనివ్వండి. వారానికి ఒక పేషెంటు గురించి, పేరు రాయకుండా, నాలుగు ముక్కలు చాలు. వాళ్ళు ఏ పని కావాలన్నారు, తను ఏం చేసింది, ఏం మారింది, ఎక్కడ తనకు దారి తోచలేదు. ఆరు నెలల తర్వాత ఆ చివరి గడిలో ఏ మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోందో చూసి నాకు రాయమనండి. అది సెన్సరీ సమస్యే అయితే, మంచి గురువు ఉన్న కోర్సు ఏదో అప్పుడు కలిసి వెతుకుదాం.