క్యాంపుల్లో పాత పెంకుటిల్లు ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి?

నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర క్యాంపులో (కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళని ఇక్కడ అలాగే అంటారు) మీ ముత్తాత కట్టిన పెంకుటిల్లు పడగొట్టబోతున్నారనీ, ఈలోపు అది ఎప్పటిదో తెలుసుకోవాలనీ అడిగారు. మాదీ ఆ చుట్టుపక్కల క్యాంపే. మా ఇంటి వయసు తేల్చడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అందులో ఆర్నెల్లు తప్పుదారిలో తిరిగాను.

రంగులు వేయించేటప్పుడు వీధి గుమ్మం గీకిస్తుంటే, పసుపు కింద, మూడు నాలుగు పొరల పాత రంగు కింద పైచెక్క మీద అక్షరాలు కనిపించాయి: ‘యువ నామ సం. మాఘ శు. దశమి’. యువ అంటే 1935-36. నిజాంసాగర్ పూర్తయింది 1931లో. కాలవ కింద భూములు కొనడానికి కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు నుంచి మనవాళ్ళు వచ్చింది ఆ రోజుల్లోనే. లెక్క సరిపోయింది. ఇల్లు 1936 నాటిదని బంధువుల వాట్సాప్ గ్రూపులో గొప్పగా పెట్టేశాను కూడా.

తర్వాత గుడివాడ దగ్గర మా పాత ఊరికి పెళ్ళికి వెళ్ళాను. అక్కడ పెదతాత వాటా ఇల్లు ఇంకా నిలబడే ఉంది. దాని పెరటి గుమ్మం మీద అదే చెక్కడం, అదే యువ, అదే దశమి! తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. అది 1936 కాదు, 1876. పంపకాల్లో వీధి గుమ్మం మా తాత వాటాకి వస్తే, ఊడదీసి బెజవాడలో రైలెక్కించి, సికింద్రాబాద్‌లో మీటర్ గేజి బండికి మార్చి, నిజామాబాద్ నుంచి ఎడ్లబండి మీద తెచ్చుకున్నాడట. ‘అడివి పక్కకి పోతూ టేకు ఇక్కణ్ణించి మోసుకెళ్తావేంట్రా అని మా మావగారు తిట్టారంట’ అని దొడ్డమ్మ నవ్వింది.

అంటే గుమ్మం ఇంటికన్నా వయసులో పెద్దది. మరి ఇల్లెప్పటిది?

భూమి కొన్న దస్తావేజు ఉర్దూలో ఉంది, అదీ గొలుసుకట్టు షికస్తా రాత. రిటైరైన ఉర్దూ మాస్టారొకాయన రెండు పూటలు కూర్చుని చదివి పెట్టారు. తేదీ 1343 ఫసలీ (నిజాం కాలంలో వాడిన రెవెన్యూ సంవత్సరం). దానికి 590 కలిపితే 1933-34. ధర హాలీ సిక్కాలో (నిజాం సొంత రూపాయల్లో) ఉంటుంది, కంగారుపడకండి. ఏడు హాలీ రూపాయలంటే ఆరు ఇంగ్లీషు రూపాయలు. అందులో బావి రాశారు, రెండు తుమ్మచెట్లు రాశారు, ఇల్లు రాయలేదు. కాబట్టి ఇల్లు ఆ తర్వాతే లేచింది. మొదట్లో గడ్డి పాకలో ఉన్నారని, చలిజ్వరానికి ఓ పసిబిడ్డ పోయిందని నానమ్మ చెప్పేది. ‘బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన ఏడు మీ పెద్దత్త పుట్టింది, అప్పటికి పెంకులు పడ్డాయి’ అనేది. ఫ్యాక్టరీ వచ్చింది 1937-38లో. నేను అక్కడితో ఆగిపోయాను. ఇంతకన్నా దగ్గరి తేదీ ఇక దొరకదులెండి.

ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి పేరున, ఎవరి స్వాధీనంలో ఉందో రాసిన 1954-55 నాటి రెవెన్యూ రికార్డు) నకలు కూడా తీయించండి. నేను మూడుసార్లు తిరిగాక ఇచ్చారు. మీ ఇల్లు ఆబాదీలో (ఊరి ఇళ్ళ స్థలంలో) ఉంటే అది పనికిరాదు. మా ఇంటిలా పొలంలోనే కట్టి ఉంటే సర్వే నంబరు దొరుకుతుంది. పట్టాదారు పేరు చూసి వదిలెయ్యకండి. మా దాంట్లో అక్కడ ఇంకా అమ్మినాయన పేరే ఉంది, మా తాత పేరు కాబిజు (స్వాధీనంలో ఉన్నవాడు) గడిలో ఉంది. ఇంటి చరిత్రకి కావాల్సింది ఆ గడే.

పెంకుల మీద మంగుళూరు కంపెనీ ముద్ర చూసి వయసు కట్టొద్దు. మా కప్పు రెండుసార్లు మార్చారు, ముద్రలూ రెండు రకాలున్నాయి.

ముందు మాత్రం గుమ్మం చూడండి. గీకితే చెక్క లేచిపోతుంది, కిరసనాయిలు గుడ్డతో మెల్లిగా రుద్దండి. పైచెక్క వెనక వైపు, గోడలోకి పోయిన భాగం కూడా చూడాలి; అది గోడ పడగొట్టేటప్పుడే బయటపడుతుంది కాబట్టి ఆ రోజు ఎవరో ఒకరు దగ్గరుండాలి.