కొత్త డబుల్ బ్యారెల్ గ్రీజు తీయడానికి పెట్రోల్ మాత్రం వద్దు

అన్నా, లైసెన్సు మీద కొత్తగా తెచ్చుకున్న 12 బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకికి లోపలా బయటా జిగటగా గ్రీజు ఉందని, బండి మెకానిక్ పెట్రోల్‌తో కడిగేయమన్నాడని, కడగొచ్చా అని అడిగారు. వద్దు. మాది దేవరకొండ వైపు. నాన్న కాలం నుంచి ఇంట్లో లైసెన్సు ఉంది, పాత తుపాకి ఇచ్చేసి కొత్తది తీసుకున్నప్పుడు ఈ పని నేనే చేసుకున్నాను.

పెట్రోల్ గ్రీజును బాగానే కరిగిస్తుంది, కాదనను. కానీ దాని ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతూ పోయి పొయ్యి దగ్గరో, దేవుడి దీపం దగ్గరో అంటుకుంటుంది. కిరోసిన్, అంటే మన గ్యాసునూనె, లేదా పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ చాలు. వీటికి మామూలుగా 35 డిగ్రీల దగ్గరికి వస్తే గానీ అంటుకునేంత ఆవిరి రాదు. నల్లగొండ ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది కాబట్టి పొద్దున్నే, చల్లటి పూట, ఆరుబయట చేయండి. బీడీ, సిగరెట్ దగ్గరికి రానీయొద్దు. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోండి.

అన్నిటికంటే ముందు తుపాకిని మడత దగ్గర విరిచి తెరిచి, రెండు ఛాంబర్లలోకీ (తూటా కూర్చునే చోటు) చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. కొత్తదే కదా అనుకోవద్దు. తూటాలు వేరే గదిలో ఉండాలి. తర్వాత బ్యారెళ్ల కింద ఉండే చెక్కను తీసి, బ్యారెళ్లను తుపాకి నుంచి విడదీయండి. గట్టి గ్రీజు అయితే బ్యారెళ్లను పాత దుప్పటి మీద కాసేపు ఎండలో పెట్టి, మీరు పక్కనే కూర్చోండి. మన ఎండకు సగం పని అదే అయిపోతుంది. అయితే కిరోసిన్ రాసిన తర్వాత మాత్రం ఎండలో పెట్టొద్దు.

గోదాములో, షాపులో ఉన్నన్నాళ్లూ తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు ఇది. పేల్చేటప్పుడు పనికొచ్చేది కాదు. బయట కాస్త మిగిలినా నష్టం లేదు, చెయ్యి జిడ్డవుతుంది అంతే. బ్యారెల్ లోపల ముద్దగా మిగిలితే అది అడ్డం. ఒత్తిడి పెరిగి బ్యారెల్ ఉబ్బొచ్చు, చీలొచ్చు. ఛాంబర్లో ఉంటే తూటా గోడను పట్టుకోక వెనక్కి గట్టిగా తంతుంది, ఆ దెబ్బ బ్యారెళ్లను మూసి పట్టే తాళం మీద పడుతుంది. ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి పేల్చే సూది) రంధ్రంలో ఉంటే చలికాలం తెల్లవారుజామున బిగుసుకుపోయి తూటా పేలకపోవచ్చు.

అందుకే ఎక్కువ సమయం లోపలే పెట్టండి. పాత కాటన్ బనియన్‌ను చిన్న ముక్కలుగా కత్తిరించి, కిరోసిన్‌లో ముంచి పిండి, రాడ్‌తో ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకు తోయండి. మూతి వైపు నుంచి లోపలికి తోస్తే మూతి అంచు రాడ్ తగిలి గీసుకుపోతుంది. మొదటి ముక్కలు చిక్కటి చాయ్ రంగులో వస్తాయి. తెల్లగా వచ్చేదాకా మారుస్తూ పొండి. ఇత్తడి లేదా నైలాన్ బ్రష్ వాడండి, ఇనుప పీచు వద్దు. ఎక్స్‌ట్రాక్టర్‌ను, అంటే పేలిన తూటాను బయటికి లాగే ముక్కను, పైకి లాగి దాని కింద చూడండి, గ్రీజు దాక్కునేది అక్కడే. చివర్లో బ్యారెల్‌ను ఆకాశం వైపు పట్టి లోపల చూస్తే గోడ అద్దంలా మెరవాలి, ఎక్కడా నీడలాంటి మచ్చ ఉండకూడదు.

బట్ (భుజానికి ఆనించే చెక్క) ఉన్న భాగం మీద కిరోసిన్ పోయకండి. కిరోసిన్‌లో ముంచి పిండిన గుడ్డతో తుడవండి, అదీ చెక్క పైకి, ఇనుము కిందికి ఉండేలా పట్టుకుని. తిరగేసి పట్టుకుంటే నూనె చెక్కలోకి దిగి మెత్తబరుస్తుంది, పాలిష్ కూడా పోతుంది.

అంతా అయ్యాక పొడి గుడ్డతో తుడిచి వెంటనే కుట్టు మిషన్ నూనె పల్చగా రాయండి. గ్రీజు పోయిన ఇనుముకు తుప్పు త్వరగా పడుతుంది. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది, పెద్దవాళ్లు చెప్పినా వినకండి. పేల్చే ముందు మాత్రం బ్యారెల్లో పొడి గుడ్డ ఒకసారి లాగాలి. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసే ముందు కూడా ఇలా నూనె రాసి ఇవ్వండి, వారాల తరబడి అక్కడే ఉంటుంది.

ఇంతకీ మీది హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి లాంటి భాగం) బయటికి కనిపించే రకమా, లోపలున్నదా? లోపలున్నదైతే హ్యామర్ ఉన్న భాగాన్ని మూసే ప్లేటు స్క్రూలు విప్పకండి, అందులో గ్రీజు తీయాలంటే లైసెన్సు ఉన్న తుపాకుల షాపుకే తీసుకెళ్లండి.