దిక్కుల లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్?

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. రామగుండం దగ్గర గోండ్వానా ఇసుకరాళ్ళ మీద ఎండలో బ్రంటన్ దిక్సూచి పట్టుకుని తిరుగుతున్నావని మీ నాన్న చెప్పాడు. టోపీ మరచిపోకు.

రాళ్ళ మీద తీసిన దిక్కుల రీడింగులు లెక్కకట్టడానికి సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలని అడిగావు. ఏదైనా సరే, ముందు దానికి 350, 10 డిగ్రీలని రెండే రీడింగులు ఇచ్చి సగటు అడుగు. రెండూ ఉత్తరానికి చెరో పక్కవే కాబట్టి ఉత్తరం చూపిస్తే సరే, 180, అంటే దక్షిణం, అందంటే మూసెయ్. ఎక్సెల్‌లో యావరేజ్ కొడితే వచ్చేది అదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కూడి భాగించి, ఒకప్పుడు ఉత్తరానికి పారిన ఏరును మ్యాపులో దక్షిణానికి మళ్ళించాను. మా సారు మ్యాప్ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తిట్టినా బావుండేది.

జాయింట్ల సంగతి, అదే రాతిలో పగుళ్ళ సంగతి, వేరు. క్రాస్ బెడ్డింగ్ అంటే ప్రవాహం పేర్చిన ఏటవాలు పొరలు; వాటి వాలు ప్రవాహం సాగిన వైపు చూపే బాణం లాంటిది, దానికి ముందూ వెనకా ఉంటాయి. జాయింటు ఉత్త గీత. దాని స్ట్రైక్, అంటే ఆ గీత సాగే దిక్కు, 20 అన్నా 200 అన్నా ఒకటే. అందుకే కోణాలను రెట్టింపు చేసి సగటు కట్టి, వచ్చినదాన్ని సగం చెయ్యాలి. ఆ ఏర్పాటు లేనిదాంతో జాయింట్ల జోలికి పోకు.

నీకు ఇప్పటికి పాస్ట్ (PAST) అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఒస్లోలో హామర్ అనే ఆయన శిలాజాల వాళ్ళ కోసం మొదలుపెట్టాడు, ఉచితం. డైరెక్షనల్ మెనూలో ఏ దిక్కున ఎన్ని రీడింగులున్నాయో పూరేకుల్లా చూపే రోజ్ డయాగ్రం, రీడింగులు నిజంగా ఒక దిక్కుకు మొగ్గాయా లేదా అని చూసే రేలీ టెస్టు రెండూ ఉన్నాయి. కానీ అది మామూలుగా తూర్పు నుంచి అపసవ్యంగా లెక్కపెడుతుంది, ఉత్తరం నుంచి సవ్యంగా లెక్కపెట్టే భౌగోళిక పద్ధతికి టిక్కు పెట్టుకో. రేకుల వైశాల్యం రీడింగుల సంఖ్యను బట్టి ఉండేలా కూడా మార్చుకో. లేకపోతే రెండింతలున్న రేకు కంటికి నాలుగింతలుగా కనిపిస్తుంది.

మీ సీనియర్లు ఓరియానా అనే సాఫ్ట్‌వేర్ అన్నారట. బాగుంటుంది, కానీ విండోస్‌లోనే నడుస్తుంది, డబ్బు పెట్టాలి. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కో. థీసిస్ నాటికి ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే అందులో సర్క్యులర్ ప్యాకేజీ ఉంది. డిగ్రీలని చెప్పకపోతే అది కోణాలకే ఉన్న ఇంకో కొలత, రేడియన్లనుకుంటుంది. పైథాన్ భాషలో సైపై లైబ్రరీలోని సర్క్‌మీన్ అనే ఫంక్షన్‌దీ అదే తంతు. వాలుతో కలిపి తలాలు గీయాలంటే మాత్రం ఆల్మెండింగర్ రాసిన స్టీరియోనెట్ అనే సాఫ్ట్‌వేర్ పట్టుకో. పొరలు బాగా ఒరిగి ఉన్నచోట క్రాస్ బెడ్ల రీడింగులు ముందు అందులోనే సరిచేసుకోవాలి.

రేలీ టెస్టును గుడ్డిగా నమ్మకు. ఆటుపోట్ల ఇసుకలో ప్రవాహం రెండు ఎదురు దిక్కులకూ సమానంగా ఉంటే, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు దిక్కే లేదంటుంది. ముందు బొమ్మ చూడు, తర్వాత ఆ టెస్టు ఇచ్చే పి విలువ.

ఈసారి ఫైలు పంపేటప్పుడు ఏది క్రాస్ బెడ్డో, ఏది జాయింటో పక్కన ఒక కాలమ్ పెట్టు. కిందటిసారి రెండూ కలిపేశావు.

పెదనాన్న