ముందు చుట్టాల నోళ్ళు కట్టించండి

తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి నల్లగా ఉన్నానని ఫోటోలు దిగడం మానేసింది, ఇన్‌స్టాగ్రామ్ తీసేయిస్తే మారుతుందా అని అడిగారు. తీసేయించండి, పోయేదేం లేదు. కానీ ఇన్‌స్టా పుట్టకముందే మా తరం ఆడపిల్లలు సున్నిపిండితో చర్మం ఊడేలా రుద్దుకున్నారు. మేం నల్లగా ఉన్నామని మాకు చెప్పిందెవరు? మేనత్తలే కదండీ!

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ తెనాలిలో చేశాం. పిల్లది చామనఛాయ కన్నా ఓ పిసరు ఎక్కువ. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. కొన్నాళ్ళకు కరిజ్మా ఆల్బమ్ వచ్చింది. అందరం చుట్టూ చేరి చూస్తున్నాం. ముఖమంతా సున్నం కొట్టిన గోడలా ఉంది. నెక్లెసు కిందనుంచి అసలు రంగు మొదలైంది. చేతులు జోడించి నిలబడ్డ ఫోటోలో చేతులు ఒకరివి, ముఖం ఇంకొకరిది. బుగ్గ సొట్ట కూడా మాయం. వాళ్ళ నానమ్మ మాత్రం "అబ్బ, ఎంత కళొచ్చిందే!" అని మురిసిపోయింది. పిల్ల కాసేపు ఊరుకుని, "పిన్నీ, నన్ను పిలవకుండానే ఫంక్షన్ చేసేశారే" అంది.

ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేస్తే, "తెల్లగా చేయలేదని తిట్టేవాళ్ళే అందరూ, ఎందుకు చేశారని అడిగింది మీరొక్కరే మేడమ్" అన్నాడు. ఆ షీట్లన్నీ మళ్ళీ ప్రింటు కొట్టించాం, డబ్బులూ మేమే కట్టాం. అదో కడుపుమంట. పైగా తెనాలి పిల్ల వెనక ఆ మంచుకొండలు ఎవరు పెట్టమన్నారు?

కంపెనీలూ తక్కువ తినలేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మా వీధి కొట్లో ఇప్పటికీ పాత పేరే అడుగుతారు. నల్లగా ఉంటే పెళ్ళి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టు ప్రకటనల్లో చూపించకూడదని ప్రకటనల మండలి 2014లోనే నియమం పెట్టింది. ఆ సంగతి మా పెద్దత్తయ్యకి ఇంకా చేరలేదు.

అక్క చేసిన మంచి పని ఒక్కటే. తర్వాత ఎవరో "పిల్ల ఎండలో తిరుగుతోందా, నల్లబడింది" అనగానే, పిల్ల ముందే, "మా ఇంట్లో రంగు ఊసెత్తొద్దు వదినా" అని మొహం మీదే చెప్పేసింది. ఆవిడ అలిగి భోంచేయకుండా వెళ్ళిపోయింది. పోతే పోనీ. తల్లి తన పక్కన నిలబడ్డం పిల్ల కళ్ళారా చూసింది, అది చాలు. పిల్లను కూర్చోబెట్టి "నువ్వు అందంగానే ఉన్నావమ్మా" అని ఎంత చెప్పినా ఇందులో సగం కూడా పని చేయదు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఫోటోలంటారా, బుద్ధి పుడితే దిగుతుంది, లేకపోతే లేదు.

ఇంకోటి, ఈరోజే చూడండి. మీ అమ్మాయి పుస్తకాల సంచిలో మెడికల్ షాపు ట్యూబు ఏమైనా ఉందేమో. దాని మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందు, అడిగితే చాలు చేతిలో పెడుతున్నారు. మొదట తెల్లబడినట్టే ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది, మొటిమలు లేస్తాయి. చాన్నాళ్ళుగా రాస్తుంటే కేకలేసి లాక్కోకండి. ఉన్నట్టుండి ఆపితే మంట ఇంకా పెరుగుతుంది. ట్యూబుతో సహా చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.